రెక్కలయ్య చెంప

మొన్న ఎండలకు మనవడి వీపంతా చెమటకాయలు పేలితే, గంధపుచెక్క తీసుకుని సాన మీద అరగదీస్తూ కూర్చున్నాను. నీళ్లు చిలకరించి నాలుగు తిప్పులు తిప్పానో లేదో తడిసిన కొయ్య వాసన లేచింది. గంధం వాసన వేరు, దాని కింద దాక్కుని ఉండే ఉత్త కొయ్య వాసన వేరు. ఆ రెండోది ముక్కుకు తగలగానే నా చెయ్యి ఆగిపోయింది. కోడలు చూసి, చెయ్యి నొప్పిగా ఉందేమో అనుకుని సాన తన ముందుకు లాక్కుంది. ఏమని చెప్పాలి? మా ఊరి గుడిలో ఒక దేవదూత ఉండేవాడనీ, ఆయన్ని ఇలాగే అరగదీసి అరగదీసి మేమంతా కలిసి తినేశామనీ చెబితే ఆ పిల్ల నమ్ముతుందా?

మా ఊరు కుందూ ఒడ్డున ఉండేది. నంద్యాల నుంచి కడప పోయే దారిలో బస్సు దిగి, నల్లరేగడి చేల మధ్య చాలా దూరం నడవాలి. ఎండాకాలంలో ఆ నేల నోళ్లు తెరుచుకునేది. నెర్రెల్లో మా పిల్లల కాళ్లు దిగబడేవి. వానాకాలంలో అదే నేల బండి చక్రాల్ని ఇరుసుదాకా మింగేది. ఊరికీ బస్సుదారికీ మధ్య ఒక వాగు. అది నిండితే మాకు ఇంక లోకం లేదు.

ఊరికి పడమర మా పేట. పేటలో అందరం కిరస్తానులమే. మేము చర్చి అనేవాళ్లం కాదు, గుడి అనే అనేవాళ్లం. రాతిగోడలు, పైన మట్టిమిద్దె, కింద నాపరాళ్లు. ఎంత ఎండలో పరుగెత్తుకుని వచ్చినా ఆ రాళ్ల మీద బోర్లా పడుకుంటే పొట్ట చల్లబడేది. లోపల గబ్బిలాల వాసన, పాత సున్నం వాసన. ఆదివారం అయితే ఆడవాళ్ల తలల ఆముదం వాసన, పనికి పోయి వచ్చిన మగవాళ్ల చొక్కాల్లో నుంచి పొగాకు వాసన. గుడి తాళంచెవి మా అవ్వ కొంగున ఉండేది. అవ్వ అంటే మా నాయన తల్లి. గుడి ఊడ్చేది, దీపాలు తుడిచేది, గంట కొట్టేది ఆమే.

ఆ గుడిలో, ప్రార్థన బల్లకు ఎడమపక్క గోడకు ఆనుకుని ఉండేవాడు రెక్కలయ్య. బైబిలు పుస్తకంలో దేవదూత అని ఉంటుందిగానీ మా పేటలో ఎవరూ ఆ మాట అనేవాళ్లు కాదు. ఒకే కొయ్యలో చెక్కిన బొమ్మ. నిలబెడితే ఎనిమిదేళ్ల పిల్లంత ఎత్తు ఉండేవాడట మొదట్లో. ఉబ్బిన చెంపలు, ఉంగరాలు తిరిగిన జుట్టు, పెద్దగాలికి ఎగిరినట్టు మడతలు మడతలుగా లేచిన అంగీ. మడతల లోతుల్లో, చెయ్యి పోనిచోట, ఇంకా బంగారు పూత మెరిసేది. నోరు కొంచెం తెరిచి ఉండేది. పాట మొదలుపెట్టబోయి ఎవరో పిలిస్తే ఆగినట్టు ఉండేది ఆ నోరు.

నాకు తెలిసేనాటికే ఆయనకు పాదాలు లేవు, మోకాళ్లు లేవు, చేతులు లేవు. రెక్క ఒకటి ఎప్పుడో పోయింది. రెండోది ముట్టుకుంటే పొట్టు రాలేది. గోడకు మేకు కొట్టి, ఆయన నడుముకు పగ్గం వేసి కట్టి ఉంచారు, పడిపోకుండా.

ఆయన ఎట్లా వచ్చాడో పెద్దవాళ్లు ఒక్కొక్కరు ఒక్కోలా చెప్పేవాళ్లు. పడమటి సముద్రం దగ్గర నుంచి తెల్ల గురువులు దూదిబండిలో పెట్టుకుని తెచ్చారని ఒకరు. వాళ్లు కట్టిన గుడి కరువులో పాడుబడిపోతే, మన ముత్తాతలు ఈయన్ని భుజాన వేసుకుని ఈడికి వచ్చారని ఇంకొకరు. మా అబ్బ, అంటే నాయన తండ్రి, మాత్రం అదంతా వట్టిదనేవాడు. కుందూ పొంగినప్పుడు కొట్టుకొచ్చాడనీ, రెక్కలున్నోడు నీళ్లల్లో కొట్టుకొచ్చినాడంటే మనకోసమే వచ్చినట్టు కదా అనీ అనేవాడు. చుట్ట కాల్చుకుంటూ, మిద్దె మీద కూర్చుని, ప్రతిసారీ అవే మాటలు.

క్రిస్మస్‌కు ముందు గుడికి సున్నం కొట్టేవాళ్లు. ఆ వారమంతా పేటలో బెల్లంపాకం వాసన, కజ్జికాయల నూనె వాసన, తడి సున్నం వాసన కలిసిపోయేవి. సున్నం అయ్యాక రెక్కలయ్యకు రంగులు వేసేవాళ్లు. ఆయనకంటూ రంగులు ఎవరు కొంటారు? ఎద్దుల కొమ్ములకు పూసిన రంగు ఏది మిగిలి ఉంటే అదే. ఒక ఏడు అంగీ ఎర్రగా ఉండేది, ఒక ఏడు నీలంగా. కళ్లు దిద్దడం మాత్రం ఊళ్లో పీర్ల చావిడికి రంగులు వేసే సాయిబు పని. ఆయన చెప్పులు గడప బయట విడిచి, చాలా శ్రద్ధగా దిద్దేవాడు. కానీ పెద్దవిగా దిద్దేవాడు. అందుకే మా రెక్కలయ్య ఎప్పుడూ ఏదో విని ఉలిక్కిపడినట్టు కనిపించేవాడు.

ఇక ఆయన అరిగిపోవడం సంగతి. పిల్లలకు జ్వరం వచ్చినా, తట్టు పోసినా, పాలు కక్కినా తల్లులు మా అవ్వ దగ్గరికి వచ్చేవాళ్లు. అవ్వ గుడి తెరిచి, రెక్కలయ్య ముందు మోకరించి, చిన్న కత్తితో అడుగుభాగాన ఒక పేడు తీసేది. దాన్ని సాన మీద నీళ్లతో అరగదీస్తే గోధుమరంగు గంధం వచ్చేది. బిడ్డ నుదుటన కొంచెం, నాలుక మీద కొంచెం. మా పేటవాళ్లే కాదు, రెడ్ల ఇళ్ల నుంచి వచ్చేవాళ్లు, సాయిబుల ఇళ్ల నుంచి వచ్చేవాళ్లు. మిగతా రోజుల్లో మా పేటలో అడుగుపెట్టని ఆడవాళ్లు కూడా బిడ్డను చంకనేసుకుని మా అవ్వను "పెద్దమ్మా" అని పిలిచేవాళ్లు. పాదాలు అట్లా పోయాయి, చేతులు అట్లా పోయాయి. అవ్వ అత్తగారి కాలంలోనే మోకాళ్లదాకా అయిపోయిందట. వాళ్లకు ఒకటే కట్టుబాటు. ముఖం జోలికి పోకూడదు.

మా తమ్ముడు నాకంటే నాలుగేళ్లు చిన్న. నన్ను అక్కా అని పూర్తిగా అనేవాడు కాదు, ఉత్త "కా" అనేవాడు. వాడి నోరు మూతబడేది కాదు. అబ్బ చెప్పిన కథ అబ్బకే తిరిగి చెప్పేవాడు. అవ్వ గుడి ఊడుస్తుంటే మేమిద్దరం వెంట పోయేవాళ్లం. వాడు తన తువ్వాలు రెక్కలయ్యకు తలపాగా చుట్టేవాడు. వేయించిన శనగలు ఆయన తెరిచిన నోట్లో పెట్టి, తినకపోతే, "నీకు పండ్లు లేవు కదా, నేనే తిని చెప్తాలే" అని తీసి తన నోట్లో వేసుకునేవాడు. ఒకసారి అవ్వ చూసి చీపురు తిరగేసింది. వాడు రెక్కలయ్య వెనక దూరి, "నన్ను కొడితే ఈయన పడతాడు సూడు" అని బెదిరించాడు. అవ్వ చీపురు కింద పడేసి, నవ్వు ఆపుకోలేక గోడకు తిరిగి నిలబడింది.

తమ్ముడికి ఐదేళ్లు నిండిన ఏడు ముందుగానే జ్వరాలు మొదలయ్యాయి. జొన్న మోకాలెత్తు ఉంది. మడుగుల్లో నీళ్లు నిలిచి, దోమలు గుంపులుగా లేచేవి. పిల్లలకు ఒళ్లు కాలిపోయేది, మెడ బిగుసుకుపోయేది, తర్వాత కాళ్లూ చేతులూ కొట్టుకునేవి. మెదడు జ్వరం అన్నారు. తల్లులు ఒకరి వెనక ఒకరు గుడికి వచ్చారు. అవ్వ కత్తి రెక్కలయ్య నడుము దాటి పైకి పోయింది, పగ్గం ఛాతీ మీదికి జరిగింది.

మా ఇంటి వెనకింట్లో ఒక అత్త ఉండేది. నిజంగా అత్త కాదు, వరస. ఆమె కూతురు నా ఈడుది. మేమిద్దరం గచ్చకాయలు ఆడేవాళ్లం. ఆ పిల్ల ఎగరేస్తే కాయలన్నీ మళ్లీ దాని అరచేతిలోకే వచ్చేవి. ఆ పిల్లకు జ్వరం వచ్చింది. అత్త గుడికి వచ్చిన పొద్దు నేనూ అవ్వతో ఉన్నాను. అవ్వ రెక్కలయ్యను కొంచెం ముందుకు వంచి, వీపున కత్తి పెట్టింది. కత్తి ఊరికే లోపలికి దిగిపోయింది. లోపలంతా చెదలు తినేశాయి. అరచేతిలో పట్టిన పొడిని సాన మీద వేస్తే గంధం రాలేదు, బురద వచ్చింది. అత్త ఆ బురదకేసి చూసి, ముఖం దగ్గర కొంచెం తీయమని బతిమాలింది.

"మొగం పోతే ఇంగ రెక్కలయ్య యాడుంటాడే?" అంది అవ్వ. "మా అత్త నా చేత మాట తీసుకోనుండాది. అది మాత్రం అడగొద్దమ్మా."

అత్త ఆ బురదనే కొంగున మూటకట్టుకుని పోయింది. మరునాటికి ఆ పిల్ల పోయింది. నన్ను చూడనివ్వలేదు. వాళ్లింటి నుంచి వచ్చే ఏడుపు మా వంటింటి గోడలోంచి వినబడేది. అమ్మ సంగటి కెలుకుతూ మధ్యలో ఆపి, మళ్లీ కెలికేది.

అప్పటికి మా గుడికి కొత్త అయ్యగారు, అంటే పాదిరి, వచ్చి కొన్ని నెలలే అయింది. కోస్తా వైపు మనిషి. పెళ్లి కాలేదు. సన్నగా ఉండేవాడు. మా మాటలు ఆయనకు, ఆయన మాటలు మాకు సగం తెలిసేవి కావు. మొదటి నుంచీ రెక్కలయ్యను అరగదీయడం ఆయనకు నచ్చలేదు గానీ, పెద్దవాళ్లకు ఎదురు చెప్పలేక ఊరుకున్నాడు. ఆ పిల్లను పూడ్చిన తర్వాత వచ్చిన ఆదివారం ఆయన వాక్యం చెప్పలేదు. బల్ల దగ్గర నిలబడి, ఇకనుంచి ఎవరూ ఆ కొయ్యను కోయకూడదని చెప్పాడు. జ్వరం రాగానే తనకు చెప్పండి, అర్ధరాత్రయినా తన సైకిలు మీద ఆస్పత్రికి తీసుకుపోతానన్నాడు. మా అవ్వ లేచి, కొంగుముడి విప్పి, తాళంచెవి తీసుకుపోయి బల్ల మీద పెట్టి వచ్చి కూర్చుంది. ఇంటికి వచ్చాక కూడా చాలాసేపు ఆమె చెయ్యి కొంగుచివర వెతుకుతూనే ఉంది.

అయ్యగారు అన్నమాట నిలబెట్టుకున్నాడు. ఇద్దరు ముగ్గురు పిల్లల్ని సైకిలు మీద కూర్చోబెట్టుకుని, వెనక తండ్రి పరుగెత్తుతుంటే, బస్సుదారిదాకా తొక్కాడు. వాళ్లు బతికి వచ్చారు. పేటలో ఆయన మీద మనసు మెత్తబడింది. మా అవ్వ కూడా ఒక పొద్దు ఆయనకు ఊరిబిండి పచ్చడీ జొన్నరొట్టెలూ పంపించింది.

అప్పుడు తుపాను పట్టింది. వాన ఆగకుండా కురిసింది. కుందూ కట్టలు దాటింది. వాగు ఎక్కడ మొదలవుతుందో ఎక్కడ అయిపోతుందో తెలియకుండా చేలన్నీ ఎర్రనీళ్లయ్యాయి. మిద్దెలు కారి, ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ నేల మీద పరిచాం. తడి పిడకల పొగకు కళ్లు మండేవి. ఆ వానలో మా తమ్ముడికి ఒళ్లు వెచ్చబడింది.

మొదట ఎవరూ ఏమీ అనుకోలేదు. వాడు మాట్లాడుతూనే ఉన్నాడు. కారే చుక్కలు ఏ గిన్నెలో ఎట్లా మోగుతున్నాయో నాకు చెబుతున్నాడు. పొద్దు తిరిగేసరికి వాడి మాటలు పొంతన తప్పాయి. మెడ తిప్పబోతే ఏడ్చాడు. తర్వాత కళ్లు పైకి పోయి, కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి. అమ్మ వాడి మీద పడుకుని పట్టుకుంది. నాయన, చిన్నాయన తాడు తీసుకుని వాగు దగ్గరికి పరుగెత్తారు. తడిసి ముద్దయి తిరిగి వచ్చారు. వాగులో చెట్లు వేర్లతో సహా పోతున్నాయని చెప్పి, నాయన గడపలోనే చతికిలబడ్డాడు. మా నాయన అట్లా కూర్చోవడం నేను ఎప్పుడూ చూడలేదు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, ఆ చేతులకేసే చూసుకుంటూ కూర్చున్నాడు.

మరుసటి రోజు కూడా వాన అట్లాగే ఉంది. అయ్యగారు పొద్దున్నే వచ్చి, తమ్ముడి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, తానే పోయి వాగు చూసి వచ్చాడు. మధ్యాహ్నం అమ్మ లేచింది. తమ్ముణ్ణి నాయన ఒళ్లో పెట్టి, తలమీద గోనెసంచి కప్పుకుని బయలుదేరింది. అవ్వ ఆమె వెనక, అవ్వ వెనక నేను. ఎవరూ నన్ను రావద్దనలేదు. నేను ఉన్నట్టే ఎవరికీ గుర్తులేదు.

అయ్యగారి ఇల్లు గుడి పక్కనే. అమ్మ ఆయన వాకిట్లో వానలోనే నిలబడి తాళంచెవి ఇమ్మని అడిగింది.

ఆయన బయటికి వచ్చాడు. "అమ్మా, అది ఉత్త కొయ్యండి. దాంట్లో ఏమీ లేదు. బాబుని ఆస్పత్రికి తీసుకెళ్లాలి" అన్నాడు.

"తోవ యాడుండాదయ్యా?" అంది అమ్మ. కోపంగా కాదు, నిజంగా అడిగినట్టు. "మీరు సూపించండి. ఇప్పుడే ఎత్తుకోని పోతా."

వాగు వైపు చూశాడు. అమ్మ కాళ్లకేసి చూశాడు. లోపలికి పోయి తాళంచెవి తెచ్చాడు. అమ్మ చేతికి ఇవ్వకుండా తానే ముందు నడిచి గుడి తలుపు తీశాడు.

లోపల మబ్బు వెలుతురు. మిద్దె కారి నాపరాళ్ల మీద నీళ్లు నిలిచాయి. రెక్కలయ్య పగ్గానికి వేలాడినట్టు ఉన్నాడు. ఇక ఛాతీ ఉంది, ముఖం ఉంది, ఆ పొట్టు రెక్క ఉంది. అమ్మ వీపున తడిమింది. పెచ్చు ఊడి చేతిలోకి వచ్చింది, అందులో చెదపురుగులు. ఛాతీ మీద కత్తి మొన ఆనిస్తే లోపలికి పోయింది. పిడికెడు పొడి రాలింది. అమ్మ ఆ పొడిని చూసి, కత్తి పట్టుకున్న చెయ్యి కిందికి దించేసింది.

అవ్వ ఆమె చేతిలోంచి కత్తి తీసుకుంది. ముఖం మీద వేలితో తట్టింది. గట్టిగా మోగింది. ఏటేటా పూసిన రంగులు దానికి చర్మంలా పట్టుకుని చెదలను రానివ్వలేదు.

"మొగానికి పోగూడదంటివి కదత్తా" అంది అమ్మ.

"అంటి," అంది అవ్వ. "ఆ యమ్మకు లేదంటి. ఆ యమ్మ బిడ్డను మట్టిలో పెడితిమి. ఇప్పుడు నా మనవనికని నేనే కోస్తాండా. దేవుడు నన్నేమన్నా అననీ."

కత్తి ఆనిస్తే బొమ్మ ఊగింది. పగ్గం కిర్రుమంది. కత్తి పక్కకు జారింది. అప్పుడు అయ్యగారు ముందుకు వచ్చాడు. రెక్కలయ్య తలను రెండు చేతులతో పట్టుకుని, తన ఛాతీకి ఆనించుకుని, కదలకుండా నిలబడ్డాడు. కళ్లు మూసుకున్నాడు. అవ్వ ఎడమ చెంప మీద కత్తి పెట్టి, నెమ్మదిగా తనవైపు లాగింది.

రంగులు పొరలు పొరలుగా విడిచాయి. పైన పోయినేడు వేసిన గులాబి, దాని కింద ఎరుపు, ఆ కింద పసుపు, మళ్లీ ఎరుపు. ఎన్నో ఏళ్ల కొమ్ముల రంగులు. అన్నిటికీ అడుగున, మొట్టమొదట ఎవరో వేసిన పూత ఉంది. నున్నగా, పసిబిడ్డ చెంపలా, లోపల నెత్తురు పారుతున్నట్టు. మా రెక్కలయ్య అసలు రంగు అది. మాలో ఎవరం అప్పటిదాకా చూడలేదు. అవ్వ ఒక్కక్షణం ఆగింది. తర్వాత దాన్నీ కోసింది. లోపలి కొయ్య నిన్న నరికినదానిలా పచ్చగా ఉంది.

గుడిలోనే సాన మీద అరగదీశారు. అమ్మ తిప్పింది, అవ్వ నీళ్లు పోసింది. అప్పుడు లేచిన వాసనే మొన్న నాకు వచ్చింది. ఇంటికి తెచ్చి తమ్ముడి నుదుటన రాశారు, బిగుసుకున్న పళ్ల మధ్య నుంచి నాలుక మీదికి జార్చారు. అయ్యగారు గుమ్మంలో నిలబడి చూశాడు. ఆ రోజంతా తమ్ముడు అట్లాగే ఉన్నాడు. మెరుగూ లేదు, ఎక్కువా కాలేదు.

వాన తెరిపి ఇచ్చాక వాగు దిగింది. మనుషులు మెడలదాకా నీళ్లల్లో దిగి, తమ్ముణ్ణి మంచంతో సహా తలల మీద ఎత్తుకుని దాటించారు. ముందు కోడు పట్టుకున్నవాడు అయ్యగారు. ఆయనకు ఈత రాదని తర్వాత తెలిసింది. మంచం వెనక కోడు పట్టుకున్న మనిషి, వెనకింటి అత్త మొగుడు.

పెద్దాస్పత్రిలో చాలా రోజులున్నారు. నేను అవ్వ దగ్గరే ఉండిపోయాను. అవ్వ ఆ రోజుల్లో గుడికి పోలేదు. తాళంచెవి అయ్యగారు తిరిగి తెచ్చి ఇస్తే, తీసుకోలేదు.

తమ్ముడు బతికాడు. క్రిస్మస్‌కు ముందు, సున్నం వాసన వేస్తున్న రోజుల్లో, నాయన భుజం మీద ఇంటికి వచ్చాడు. నేను ఎదురు పరుగెత్తాను. వాడు నాకేసి చూశాడు, గోడకేసి చూసినట్టే చూశాడు. కా అనలేదు. ఏమీ అనలేదు. నోటి చివర నుంచి చొంగ కారుతుంటే అమ్మ కొంగుతో తుడిచింది. కొన్నాళ్లకు నడక వచ్చింది, కుడికాలు ఈడుస్తూ. మాట రాలేదు.

ఆ క్రిస్మస్‌కు రంగులు వేసే పిల్లలు రెక్కలయ్య ముందు డబ్బాలు పట్టుకుని నిలబడ్డారు. సాయిబు వచ్చి, కళ్లు దిద్దాడు గానీ, కోసిన చెంప జోలికి పోలేదు. దాన్ని ఎవరూ పూయలేదు. పేటలో మాత్రం రెక్కలయ్య తన చెంప ఇచ్చి బిడ్డను బతికించాడని చెప్పుకున్నారు. అమ్మ ఆ మాటకు ఔనని ఎప్పుడూ అనలేదు, కాదనీ అనలేదు.

అయ్యగారికి బదిలీ అయింది. పోయే ముందు మా ఇంటికి వచ్చి, తమ్ముణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు. ప్రార్థన చేస్తాడేమో అని మేమంతా తలలు వంచాం. ఆయన అమ్మ పెట్టిన సంగటి తిని, కంచం తానే కడిగి బోర్లించి పోయాడు. అవ్వ ఆ తర్వాత ఎక్కువ కాలం లేదు.

నాకు పెళ్లయి, కాన్పుకు పుట్టింటికి వచ్చినప్పుడు ఒకటి జరిగింది. అమ్మా, వెనకింటి అత్తా మా వసారాలో కూర్చుని జొన్నలు చెరుగుతున్నారు. తమ్ముడు గోడకు ఆనుకుని ఈగల్ని చూస్తున్నాడు. అన్నేళ్లలో అత్త ఆ సంగతి ఎత్తనేలేదు. ఆ రోజు చేట ఆపి అడిగింది.

"వదినా, ఆ పొద్దు నా బిడ్డకు గూడ మొగాన కోసింటే, బతికిండునా?"

అమ్మ చెయ్యి చేటలోనే ఆగిపోయింది. బతికేది అంటే, అవ్వ చంపినట్టు. బతికేది కాదంటే, తన కొడుకు బతికింది దేనివల్ల? అమ్మ తమ్ముడికేసి చూసింది. వాడి మోకాలి మీద ఈగ వాలితే వాడు తోలడం లేదు.

"నాకు తెలీదొదినా," అంది. "నీ బిడ్డ పాయె. నా బిడ్డ ఇట్లొచ్చె. నాకేం తెలీదు."

అత్త తల ఊపింది. ఇద్దరూ మళ్లీ చెరగడం మొదలుపెట్టారు. పొట్టు గాలికి లేచి తమ్ముడి మీద పడుతుంటే, అత్తే లేచి పోయి వాడి తల దులిపింది.

చాలా ఏళ్ల తర్వాత పాత గుడి పడగొట్టి సిమెంటు గుడి కట్టారు. అప్పుడు పాతవస్తువులు తెలిసిన మనిషి ఒకాయన పట్నం నుంచి వచ్చి రెక్కలయ్యను చూశాడట. రెండుమూడు వందల ఏళ్ల నాటిదనీ, ఇట్లాంటిది ఈ సీమలో ఉండటమే ఆశ్చర్యమనీ, ఫోటోలు తీసుకున్నాడట. ఇంత పాడుచేసింది ఎవరని అడిగితే పెద్దవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చెదలు అని చెప్పారు. మళ్లీ వస్తానన్న ఆయన రాలేదు. ఈలోగా, ఆయన్ని ఎత్తి పెట్టిన కొట్టంలో, గోనెసంచి కింద, చెదలు ఆ కోసిన చెంప వైపు నుంచే లోపలికి పోయాయి. నేను చూడబోయేసరికి రంగుల పెంకు ఒకటే మిగిలింది. ముట్టుకోబోయి, మానుకున్నాను.

నాయన పోయాడు, అమ్మ పోయింది. తమ్ముడు నా దగ్గరే ఉంటాడు. వాడికీ తల నెరిసింది. ఆ వాన రోజు గుడిలో ముగ్గురు పెద్దవాళ్లు ఉన్నారు. మా అవ్వ, మా అమ్మ, ఆ అయ్యగారు. పెద్దవాళ్లు కదా, ఏం చేయాలో వాళ్లకు తెలుసనుకుని నేను ధైర్యంగా చూస్తూ నిలబడ్డాను. అవ్వకు అప్పుడున్న వయసు నాకు ఇప్పుడు వచ్చింది. ఆ ముగ్గురిలో ఎవరికీ ఏమీ తెలియదని ఇప్పుడు తెలుస్తోంది. నన్ను ఆ గుడిలో నిలబెట్టి, అమ్మాయీ నువ్వు చెప్పు అంటే, నేనూ ఏమీ చెప్పలేను.

తమ్ముడు వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. ఆకలయితే వాడు నా కొంగు పట్టి లాగుతాడు. లేచి వాడికి అన్నం కలపాలి.